పద్దుల పుస్తకం, విత్తనాల బుర్ర

చరిత్ర అనగానే మనకు శాసనాలు, తామ్రపత్రాలు, కైఫీయతులు గుర్తుకు వస్తాయి. పొరుగు రాష్ట్రాల తెలుగువారి చరిత్ర రాయబూనినవారు కూడా చాలామంది ఆ దారినే నడిచారు. మధుర, తంజావూరు నాయక రాజుల దగ్గర మొదలుపెట్టి, వారి ఆస్థానాల్లో కాసేపు కూర్చుని, చివరకు 1953, 1956 సంవత్సరాల్లో గీసిన సరిహద్దుల దగ్గర ఒక నిట్టూర్పుతో ముగించడం మనకు అలవాటైపోయింది. అది తప్పని అనడం లేదు. అయితే నాయక రాజుల వెంట దక్షిణానికి దిగినవారూ, మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూరు చేరినవారూ, బరంపురంలో పుట్టి అక్కడే పెరిగినవారూ రోజూ పొయ్యి వెలిగించారు, బియ్యం కొలిచారు, నెలాఖరుకు చేతిలో ఎంత మిగిలిందో చూసుకున్నారు. ఆ చరిత్రను ఎవరూ రాతి మీద చెక్కించలేదు. అది ఇంటి ఆడవాళ్ళ పద్దుల పుస్తకాల్లోనూ, పెరట్లో దాచిన విత్తనాల్లోనూ, పాతచీరలతో కుట్టిన బొంతల్లోనూ మిగిలింది. మిగిలింది అనడం కన్నా, ఇంకా పూర్తిగా పోలేదు అనడం సబబు.

మా అమ్మమ్మగారి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీద నూలుదారంతో కట్టిన నోటుపుస్తకాల కట్ట ఒకటి దొరికింది. ఆవిడ చదువు వీధిబడితో సరి. ఉన్నది తమిళదేశం. వీధిలో మాట్లాడేది తమిళం. ఆమె కొడుకులు బడిలో చదివింది తమిళం, ఇంగ్లీషు. కాని ప్రతి పుస్తకం మొదటి పేజీలో "శ్రీరామ" అని తెలుగులో ఉంది, నాలుగు మూలలా పసుపు ఉంది. సరస్వతీ పూజనాడు పిల్లల పుస్తకాలతోపాటు పీట మీద పెట్టేవారు గనుక కుంకుమ మరకలు కూడా ఉన్నాయి. ఇంటికి వచ్చే ఉత్తరాలు క్రమంగా తగ్గిపోయాయి. పత్రిక తెప్పించడం ఏ ఏటనో ఆగిపోయింది. ఆ ఇంట్లో తెలుగు లిపి చివరిదాకా నిలిచిన చోటు ఆ జమాఖర్చుల పుస్తకమే. నా చేత ఈ వ్యాసం రాయించింది ఆ సంగతే.

రూపాయికి నూటతొంభై రెండు

ఆ పుస్తకాల్లో పాతవాటిలో ప్రతి పేజీకి కుడివైపు మూడు గళ్ళు ఉంటాయి: రూ., అ., పై. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, వెరసి రూపాయికి 192 పైలు. ఈనాటి పిల్లలకు ఇది చాదస్తంగా కనిపిస్తుంది. కాని కూడిక తెలిసిన ఇల్లాలికి ఇందులో ఒక సౌకర్యం ఉంది. నూటతొంభై రెండును రెండు, మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు, పదహారు - వీటిలో దేనితో భాగించినా శేషం మిగలదు. రూపాయి ఖర్చును ముగ్గురు తోడికోడళ్ళు పంచుకుంటే తలా అయిదణాల నాలుగు పైలు. నూరు పైసల రూపాయిని అలా పంచలేం.

మన తెలుగువాళ్ళు ఒకే రూపాయిలో బతకలేదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. యానాం ఫ్రెంచివారి కింద ఉన్న కాలంలో అక్కడి తపాలా బిళ్ళల మీద 1923 నుంచి కాసులు, పణాలు, రూపాయలు ఉండేవి. పణానికి 24 కాసులు, రూపాయికి 8 పణాలు. గుణించి చూడండి, మళ్ళీ 192. అంటే పణం మన బేడతో సమానం, రెండణాలు. పాలకులు వేరైనా లెక్క వేరు కాలేదు. గోదావరి పాయ దాటి బ్రిటిషు ఇండియా సంతకు వెళ్ళిన యానాం ఇల్లాలు కొత్త ఎక్కాలు నేర్చుకోవలసిన పని లేకపోయింది.

షోలాపూరు పద్మశాలీల సంగతి వేరు. షోలాపూరులో 1877లో మొదటి బట్టల మిల్లు వచ్చింది. అక్కడికి మగ్గాల మీద, మిల్లుల్లో పనికి వచ్చినవారిలో ఎక్కువమంది తెలంగాణ జిల్లాలవారు. ఊళ్ళో నడిచేది నిజాంగారి హాలీ సిక్కా, షోలాపూరులో సంపాదించేది బ్రిటిషు కల్దారు రూపాయి. నూరు కల్దారు రూపాయలకు నూటపదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైల హాలీ అన్నది స్థిరపడిన మారకం. వినడానికి భయంకరంగా ఉన్నా దాని సారం సులువు: ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. ఊళ్ళో ఉన్న తల్లికి డబ్బు పంపే ప్రతి కుటుంబమూ ఈ ఆరు-ఏడు లెక్కను నోటికి పట్టి ఉంచుకోవలసిందే. 1950ల దశాబ్ది ముగిసేసరికి హాలీ సిక్కా చెలామణి నుంచి పోయింది, ఆ లెక్కా పోయింది.

అసలైన కుదుపు 1957 ఏప్రిల్ 1న వచ్చింది. ఆరోజు నుంచి రూపాయికి నూరు నయా పైసలు. అణాకు నిఖరంగా ఆరుంబావు నయా పైసలు రావాలి. పావు పైసా నాణెం లేదు గనుక ప్రభుత్వం ఒక పట్టిక ప్రకటించింది. అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25. ఇందులో తిరకాసు ఏమిటో ఇల్లాళ్ళకు ఇట్టే తెలిసింది. మూడు అణాల సరుకు ఒకేసారి కొంటే 19 నయా పైసలు. అదే రోజుకొక అణా చొప్పున మూడు రోజులు కొంటే 18. నాలుగు రోజులు కొంటే 24, ఒకేసారి అయితే 25. అమ్మమ్మగారి పుస్తకంలో ఆ ఏడాది పేజీల అంచున "అణాకు ఆరు, పావలాకు ఇరవై అయిదు" అని నాలుగైదు చోట్ల రాసి ఉంది. తను మరిచిపోకుండా రాసుకున్నదో, కోడళ్ళకు నేర్పడానికి రాసిందో తెలియదు. కొత్తిమీర కట్ట, కరివేపాకు వంటివి ఆ నెలల్లో ఆమె పద్దులో రోజువారీగా విడివిడిగా కనిపిస్తాయి.

1964లో "నయా" అన్న మాట తీసేశారు. పావలా కాసు 2011 జూన్ 30తో చెల్లుబాటు కాకుండా పోయింది. అణా కనిపించక ఎన్నో ఏళ్ళయింది. అయినా మనం ఇంకా "పదహారణాల తెలుగువాళ్ళం" అనే చెప్పుకుంటాం, చిల్లిగవ్వ లేదంటాం, "ఎర్ర ఏగాని ఇవ్వను" అంటాం. నాణేలను కరిగించినంత సులభంగా నుడికారాన్ని కరిగించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాలేదు.

లాభం, రెండు, మూడు

మా చిన్నప్పుడు బియ్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను "ఒకటి" అనకూడదు. "లాభం" అనాలి. తరువాత రెండు, మూడు. ఏడు దగ్గరకు రాగానే "ఆరున్నొకటి" అనాలి, ఎందుకంటే "ఏడు" అంటే ఏడవమని కూడా అర్థం. తమిళ పొరుగింటివారు కూడా మొదటి కొలతను "లాబం" అనే అంటారు. ఇది ఒకరి నుంచి మరొకరు నేర్చుకున్నదో, ఇద్దరిదీనో, ఆ తగువు మనకు వద్దు. బియ్యం డబ్బా ముందు కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళ ఆశ ఒకటే.

కొలతల్లో మాత్రం తేడాలు ఉండేవి. మనది సోల, తవ్వ, మానిక, కుంచం. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. తూకానికి వీశ, మణుగు. మద్రాసు వైపు వెళితే పడి, మైసూరు వైపు పావు, సేరు, షోలాపూరులో పాయలి. మనవాళ్ళ పద్దుల్లో ఇవి కలగలిసిపోయి ఉంటాయి. అంకెలు ఒక భాషవి, కొలత ఒక ఊరిది, సరుకు పేరు మరొక భాషది. అమ్మమ్మగారు గోరుచిక్కుడును "కొత్తవరంగాయ" అనే రాసింది. అంగట్లో అడిగేది ఆ పేరుతోనే మరి. బెంగుళూరు తెలుగింటి పద్దులో "హురుళికాయి", షోలాపూరు పద్దులో "భాజీ" కనబడితే ఆశ్చర్యం లేదు. భాషాశాస్త్రజ్ఞులు ఊరూరా తిరిగి సేకరించే సామగ్రి ఇదే. తేదీతో సహా, ఒకే చేతిరాతలో, ఏళ్ళ తరబడి.

భిన్నాల మాట కూడా చెప్పాలి. కాలు, అర, ముప్పాతిక, వీసం - ఇవి పిల్లల ఎక్కాల్లో పేర్లు మాత్రమే కావు. తెలుగులో వీటికి ప్రత్యేకమైన రాత గుర్తులు ఉండేవి. ఆ లెక్క అంతా నాలుగు మీద నడుస్తుంది. పావు, అందులో పావు వీసం, అలా కిందకు. రూపాయికి నాలుగు పావలాలు, పావలాకు నాలుగు అణాలు అన్న లెక్కకు ఇది అతికినట్టు సరిపోయింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు దశలవారీగా వచ్చాయి. ఆ తరువాత వీశకూ వీసానికీ అంగట్లో పని లేకపోయింది, ఆ గుర్తులు చదవగలిగిన తరం కూడా తగ్గిపోయింది. 2008లో ఆ గుర్తులకు యూనికోడ్ పట్టికలో స్థానం దొరికింది. కంప్యూటరుకు వాటిని గుర్తించడం వచ్చింది గాని, ఇంట్లో పాత పుస్తకం తెరిచి వాటిని చదివి చెప్పేవారు లేరు.

పోపుల డబ్బా బ్యాంకు

తపాలా శాఖ పొదుపు ఖాతాలు 1882 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. అంతకు రెండేళ్ళ ముందే మనియార్డరు వచ్చింది. వలసవెళ్ళినవారికి ఈ రెండూ ఎంతో ఉపకారం చేశాయి. కాని ఆడవాళ్ళ అసలు బ్యాంకు పోపుల డబ్బా అడుగున ఉండేది. ఇంకొకటి బియ్యం డబ్బా పక్కన ఉండేది. రోజూ వంటకు కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు తీసి వేరే కుండలో వేయడం. నెలాఖరున జీతం రాకముందు ఆ కుండే ఇల్లు నడిపేది. మూడోది చీటీ. తమిళనాడులోను, కర్ణాటకలోను చీటీ అనే మాటే చెల్లింది. మహారాష్ట్ర తెలుగువారు దాన్ని "భిశీ" అన్నారు. పదిమంది ఆడవాళ్ళు నెలనెలా కొంత వేసి, ఒక్కొక్కరు ఒక్కో నెల మొత్తం తీసుకోవడం. కూతురి కాన్పుకో, కొడుకు బడి ఫీజుకో, ఎవరికి ఎప్పుడు అవసరమో ఆ పదిమందికీ తెలుసు. ఇలాంటి వ్యవహారాలు పెద్ద సంస్థలుగా పెరిగి, కొన్ని మునిగి, జనం నష్టపోయాక చట్టాలు అవసరమయ్యాయి. మద్రాసు రాష్ట్రం 1961లో చీటీల చట్టం చేసింది, కేంద్రం 1982లో చేసింది. వంటింటి చీటీకి మాత్రం నమ్మకమే చట్టం.

2016 నవంబరు 8 రాత్రి అయిదు వందల, వెయ్యి రూపాయల నోట్లు చెల్లవన్నప్పుడు ఈ పోపుల డబ్బాలన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. భర్తకు తెలియకుండా దాచినవి, పండుగకు పుట్టింటివారు ఇచ్చినవి, కూరల ఖర్చులో మిగిల్చినవి అన్నీ బయటపెట్టక తప్పలేదు. కొన్ని ఇళ్ళల్లో నవ్వుకున్నారు, కొన్ని ఇళ్ళల్లో తగువులయ్యాయి. వందేళ్ళ పైబడి ఏ పద్దులోనూ కనిపించని ఒక ఖాతా ఆ వారంలో కనిపించింది. ఆడవాళ్ళు దాచుకున్నది పిసినారితనంతో కాదు. చెప్పి తీసుకునే హక్కు లేనిచోట చెప్పకుండా దాచుకోవడమే వారికి దొరికిన దారి.

శరత్తు అందరికీ ఒకటి కాదు

పంచాంగంలో ఆశ్వయుజ కార్తీకాలు శరదృతువు. ఆకాశం తేటపడుతుందని, నీళ్ళు నిర్మలమవుతాయని చదువుకున్నాం. అది అందరికీ వర్తించదని మన పెరళ్ళు చెబుతాయి. చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. అందుకే తమిళదేశపు తెలుగువారు "ఆడి పట్టం తేడి విదై" అన్న అక్కడి సామెతను తమదిగా చేసుకున్నారు. ఆడి మాసంలో, అంటే జూలై, ఆగస్టుల్లో, విత్తు వేస్తే శరత్తుకు పాదులు పందిరెక్కి ఈశాన్యపు వానకు తట్టుకుంటాయి. దసరాకు బీర, పొట్ల, సొర కాపు మీద ఉండాలి. బెంగుళూరు వైపు వానలు తగ్గి చలి మొదలయ్యే కాలం అది, కార్తీకం దాటితే అనపకాయల రోజులు. నానబెట్టి తొక్క పితికిన పప్పును వారు "హితికిద బేళె" అంటే మనవారు "పితికిపప్పు" అన్నారు. షోలాపూరులో సెప్టెంబరు, అక్టోబరు నెలలు జొన్న విత్తే కాలం, పేరున్న మాల్దండి జొన్న ఆ పంటే. ఒడిశా తీరానికీ, యానానికీ శరత్తు అంటే తుఫాను భయం. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమనూ యానాన్నీ కకావికలు చేసింది. 1999 అక్టోబరులో గంజాం తీరం ఒకసారి, ఆ నెలాఖరున మహాతుఫానులో ఒడిశా మరోసారి దెబ్బతిన్నాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. అక్కడి ఇల్లాలు వంగ, టమాటా నారు పోసేది కార్తీకపు గాలివాన గండం గడిచాకనే.

యుద్ధకాలం పెరటికి కొత్త గౌరవం తెచ్చింది. 1942లో మద్రాసు మీద బాంబులు పడతాయన్న భయంతో జనం ఊళ్ళకు తరలిపోయారు. మరుసటి సంవత్సరం బొంబాయిలోనూ, మద్రాసులోనూ రేషను వచ్చింది. "ఎక్కువ ఆహారం పండించండి" అని ప్రభుత్వం ప్రచారం చేసింది. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ముఖ్యమంత్రి అయ్యాక 1952లో ఆహార నియంత్రణ ఎత్తేశారు. మళ్ళీ 1965లో లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికొక పూట భోజనం మానమని దేశాన్ని అడిగారు, తన ఇంటి పచ్చికబయలునే దున్నించారు. ప్రభుత్వాలు చెప్పకముందే మన పెరళ్ళలో కరివేపాకు, మునగ, అరటి, బచ్చలి ఉన్నాయి. స్నానాల నీళ్ళు అరటికి, బియ్యం కడిగిన నీళ్ళు కూరపాదులకు, పులిసిపోయిన మజ్జిగ కరివేపాకు మొదట్లోకి. నీటి చుక్క వృథా కాకూడదన్నది అక్కడ ఉపన్యాసం కాదు, బావిలోంచి చేదుకున్న చేతుల నొప్పి నేర్పిన పాఠం.

విత్తనాన్ని దాచే పద్ధతి చూడండి. మొదటి కాపులో బాగా ఊరిన కాయను కోయకుండా తీగ మీదే ముదరనిచ్చేవారు. దానికి గుడ్డపీలిక కట్టి గుర్తు పెడితే ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. గింజలు తీసి, బూడిదలో కలిపి ఆరబెట్టి, ఎండిన సొరకాయ బుర్రలో పోసి పొయ్యికి ఎగువన వేలాడదీసేవారు. బూడిద తేమను లాగుతుంది, పొగకు పురుగు చేరదు. ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళేటప్పుడు చీర కొంగున ఆ గింజలు నాలుగు ముడివేయడం ఉండేది. అలా గింజలు ఊళ్ళు దాటాయి, రాష్ట్రాలు దాటాయి. సరిహద్దు గీసినవారు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. రాకపోకలు ఒకవైపే సాగలేదు లెండి. లాల్‌బాగ్ తోట ద్వారా బెంగుళూరు ప్రాంతంలో పాదుకున్న సీమవంకాయ, తెలుగునాట "బెంగుళూరు వంకాయ" అయి కూర్చుంది.

పెరడు లేనివారికి కూడా దసరాకు ఒక తోట ఉండేది. కోస్తా జిల్లాల్లో చాలాచోట్ల బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతారు. తమిళనాడు, కర్ణాటకల్లో స్థిరపడిన మనవారు అక్కడి రివాజు ప్రకారం నవరాత్రులకు పెట్టారు. మెట్ల ముందు పిల్లలు "పార్కు" కట్టాలి. పండుగకు వారం ముందు తాంబాళంలో ఇసుక, మట్టి పోసి ఆవాలు, మెంతులు, రాగులు చల్లి, నీళ్ళు చిలకరించి, నీడలో ఉంచితే కొలువునాటికి పచ్చని బయలు తయారు. మధ్యలో పగిలిన అద్దం ముక్క చెరువు. అగ్గిపెట్టెలు ఇళ్ళు. దానికి అయ్యే ఖర్చు పోపుల డబ్బాలోని రెండు చెంచాల గింజలు. పండుగ వెళ్ళాక మెంతిమొక్కలు పప్పులోకి వచ్చేవి. తోటపని, పొదుపు, ఆట ఒకే పళ్ళెంలో నేర్పిన బడి అది.

తీరిక వేళల పని

"ఏమీ తోచక" అన్న మాట మన అమ్మమ్మల నోట అరుదు. తీరిక అన్నది వారికి చేతిలో పని మారడమే. పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి కుట్టిన దాన్ని మనం బొంత అన్నాం. కన్నడిగులు కౌది అన్నారు, మరాఠీలు గోధడి అన్నారు, ఒరియావారు కంథా అన్నారు. ఏ భాషలోనైనా దానికి కావలసింది చిరిగిన చీరే. బొంతను విప్పిచూస్తే ఆ ఇంటి ఇరవై ఏళ్ళ పండుగలు కనిపిస్తాయి. 1970, 80లలో తమిళనాడులో ప్లాస్టిక్ వైరు బుట్టల అల్లిక ఇంటింటికీ వచ్చింది. అల్లి అమ్మినవారూ ఉన్నారు, పెళ్ళికి కానుకగా ఇచ్చినవారూ ఉన్నారు.

మన పత్రికల పాఠకులకు దగ్గరైన అలవాటు ఒకటుంది, సీరియళ్ళు చించి కుట్టడం. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో ఆంధ్రపత్రికను ప్రారంభించింది బొంబాయిలో. డాక్టర్ కేసరిగారి గృహలక్ష్మి 1928లో వెలువడింది మద్రాసు నుంచి. 1947 జూలైలో చందమామ తెలుగులో, తమిళంలో పుట్టింది అక్కడే. మాలతీ చందూర్‌గారు మద్రాసులో కాపురముంటూనే ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనం" శీర్షికను దశాబ్దాల పాటు నడిపారు, వేలమంది గృహిణుల ప్రశ్నలకు జవాబులు చెప్పారు. ఈనాడు మనం సరిహద్దుకు అవతల ఉన్నామనుకుంటాం గాని, తెలుగు అచ్చులో పెద్దభాగం ఒకప్పుడు మన వీధుల నుంచే బయలుదేరింది. ఆ వారపత్రికల్లో సీరియలు పుటలు మాత్రం విడదీసి, వరుస పెట్టి, మైదాపిండి జిగురుతో పాత క్యాలెండరు అట్ట అంటించి, గోనె కుట్టే సూదితో కుట్టేవారు. పుస్తకం కొనే స్తోమతు లేని ఇంటికి అదే గ్రంథాలయం. పక్కింటివారికి అరువిచ్చేటప్పుడు పద్దుల పుస్తకంలో రాసుకునేవారు. మిగిలిన పుటలు కొట్లో పొట్లాలకు పోయేవి. తెలుగు దుకాణం లేని ఊరిలో కొన్ని తరాల పిల్లలు తెలుగు చదవడం నేర్చుకున్నది ఆ కుట్టు పుస్తకాల నుంచే.

పొగడ్తకు ఒక హద్దు

ఇదంతా చదివి "ఆ రోజులే వేరు" అని ఎవరైనా అంటారేమోనని నాకు భయం. ఆ పొదుపులో అందం ఉంది, కాని దాని ధర చెల్లించింది ఎవరు? పద్దుల పుస్తకంలో పిల్లల మందులు ఉంటాయి, మామగారి నస్యం ఉంటుంది, అల్లుడు వచ్చిననాటి అరిసెల బెల్లం ఉంటుంది. అమ్మమ్మగారి పేరు మీద పద్దు ఏదీ నాకు కనపడలేదు. చివరి పంక్తిలో కూర్చుని మిగిలింది తినే మనిషి ఖర్చు ఏ గడిలోనూ ఎక్కదు. శాస్త్రిగారు వారానికొక పూట మానమన్నారు. ఎవరూ అడగకుండానే పూట మానినవారు ఇంటింటా ఉన్నారు.

ఇంకొకటి. పెరడు, బావి, అటక ఉన్నవారి మాటలే నేను ఎక్కువ చెప్పాను. షోలాపూరులో బీడీలు చుట్టి వెయ్యికి ఇంత అని కూలి తెచ్చుకున్న ఆడవాళ్ళకు పెరడు లేదు, నూనె డబ్బాలో తులసి మొక్క ఒకటి ఉంటే గొప్ప. 1982 జనవరిలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలై తెగకుండా సాగినప్పుడు, అక్కడి తెలుగు కార్మికుల ఇళ్ళల్లో పొదుపు చేయడానికే ఏమీ లేకపోయింది. చదువు చెప్పించని ఇళ్ళల్లో పద్దు నోటిలోనే ఉండేది, గోడ మీద బొగ్గు గీతలుగా ఉండేది. ఆ గోడలకు సున్నం వేశారు. కాబట్టి దొరికిన పుస్తకాలు మొత్తం చరిత్ర కావు. అందుకే దొరికినవాటిని పోగొట్టుకోకూడదు.

భోగిమంటకు ముందు

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అన్నారు. దగ్గరున్నదాని విలువ తెలియదని దాని భావం. మన చరిత్రకారులకు పద్దుల పుస్తకం పెరటి చెట్టయింది. బరంపురం 1936 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉంది, తరువాత ఒరిస్సాలోకి వెళ్ళింది. మద్రాసు 1953లో ఆంధ్రకు దక్కకుండా నిలిచింది. యానాం 1954లో ఫ్రెంచివారి చేతుల్లోంచి బయటపడింది. షోలాపూరు 1960లో మహారాష్ట్రలో చేరింది. మనిషి కదలకుండానే రాష్ట్రం మారిపోయింది. ఆ మార్పుల మధ్య ఒక ఇంట్లో ఉప్పు, పప్పు, మజ్జిగ ఎలా సాగాయో, ఏ ఏడు ఏ మాట పోయి ఏ మాట వచ్చిందో చెప్పగల సాక్ష్యం ఆ నోటుపుస్తకం ఒక్కటే. తమిళనాట 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక, మాతృభాష చదువు సంగతి కోర్టుల్లోనూ సభల్లోనూ మాట్లాడుకుంటున్నాం. మాట్లాడవలసిందే. కాని మన పక్షాన సాక్ష్యం చెప్పవలసిన కాగితాలను మనమే కిలోల లెక్కన అమ్మేస్తున్నాం, భోగిమంటలో వేస్తున్నాం. చిరిగిన చీరను పారేయని జాతి, తన రాతను పారేసింది.

పాఠకులకు నాదొక మనవి. ఈ భోగికి ముందు అటక ఒకసారి చూడండి. పద్దుల పుస్తకం దొరికితే మొదటి అట్టలోపల ఎవరిదో, ఏ ఊరో, సుమారుగా ఏ సంవత్సరాలదో పెన్సిలుతో రాయండి. పాత గుర్తులు, పొట్టిమాటలు చదవగల పెద్దవారు ఇంకా ఉంటే పక్కన కూర్చుని అడిగి రాసుకోండి. రేపటికి వాయిదా వేయకండి. పుటల ఫొటోలు తీసి, అసలును మీ దగ్గరే భద్రపరచండి. కుట్టిన సీరియళ్ళు ఉంటే వాటి చివరి అట్ట చూడండి, అరువిచ్చినవారి పేర్లు ఉండవచ్చు. బుర్రలో గింజలు ఉంటే నాలుగు మట్టిలో వేసి చూడండి, పాతవైతే మొలవకపోవచ్చు, చూస్తే నష్టం లేదు.

నేను ఈ ఉగాది నుంచి ఇంటిఖర్చు మళ్ళీ తెలుగులో రాస్తున్నాను. ఫోనులో లెక్క చూసుకుంటారు మా పిల్లలు, నన్ను చూసి నవ్వుతారు. మొన్న మనవరాలు వచ్చి "తాతా, ఇది కొత్తవరంగాయా, గోరుచిక్కుడా?" అని అడిగింది. రెండూ ఒకటేనమ్మా అన్నాను. అయితే రెండూ రాయమంది. రాశాను.